డిస్కా, పల్టీనా

మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఈడువాళ్ళు చాలామంది ఆ వచ్చిన డబ్బుతో ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుకున్నారు. ఆయన మాత్రం ఒక పాత ట్రాక్టర్ కొనుక్కొచ్చి, రామంతాపూర్‌లో మా సందులో, మా గోడకు ఆనించి నిలబెట్టారు.

మేడిపల్లి దాటాక వరంగల్ రోడ్డు మీద కొంతదూరం పోయి లోపలికి తిరిగితే ఆయనకు తండ్రి ఇచ్చిన చెలక, వానకు పండే మెట్ట పొలం, ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్ని ఎవరికో కౌలుకిచ్చారు. కౌలుదారు కూడా వదిలేశాక అది బీడు పడింది. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లయి రంగు పూసిన హద్దురాళ్ళు పాతుకుంటున్న రోజులవి. వారానికొక బ్రోకర్ ఇంటికొచ్చి చాయ్ తాగి వెళ్ళేవాడు. మామయ్య చాయ్ వరకు ఇచ్చేవారు. "అమ్మ, దున్నుత" అనేవారు, అమ్మను అని. అది "అమ్మా, దున్నుతా" అని ఎవరితోనో చెప్పినట్టు వినిపించి, కొత్తగా వచ్చిన బ్రోకర్లు మా అత్తమ్మ వైపు చూసేవారు.

ట్రాక్టర్ వచ్చిన రోజు సందంతా వచ్చి చూసింది. పక్కింటాయన తన కారు ఇక బయటికి ఎలా తీయాలో కొలతలు వేసుకుంటూ నిలబడ్డాడు. అత్తమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక భాగం దగ్గర ఆగింది.

"నాగలేది?"

"కొందం తియ్, అది ఏరేగ కొనాలె" అన్నారు మామయ్య.

"నాగలి లేకుంట గిది దేనికి? దీనిమీద కూర్చుండి కూరగాయలకు పోదమా?"

కూరగాయలకైతే వెళ్ళలేదు గానీ, మర్నాటి నుంచి అత్తమ్మ ఆ ట్రాక్టర్ బానెట్ మీద చీర పరిచి వడియాలు పెట్టింది. ఇనుము వేడికి అవి భలే తొందరగా ఎండాయి. నెల తిరిగేసరికి సందులో సగం మంది ఆడవాళ్ళు మా ట్రాక్టర్ మీద చోటు అడగటం మొదలుపెట్టారు. మామయ్యకు అది తలవంపుగా అనిపించింది. నాగలి కొనాలన్న పట్టుదల ఆయనకు అలా గట్టిపడింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. నాన్న కోస్తాలో కాలువ కింద వరి పండించినవాడు. నల్లరేగడి నేల. తర్వాత మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో పొలం అమ్మేసి, అమ్మా ఆయనా నాచారంలో వాడి దగ్గరికి వచ్చేశారు. రెండో అంతస్తు బాల్కనీలో కుండీలో ఒక కరివేపాకు మొక్క, అంతే ఆయన వ్యవసాయం. ఆ మొక్క చేసుకున్న పుణ్యం ఏమిటో గానీ, ఊళ్ళో ఎకరాలకు పెట్టిన శ్రద్ధంతా దాని ఒక్కదాని మీదే పడింది. ప్రతి ఆదివారం షేర్ ఆటో ఎక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

మామయ్యది ఇక్కడి ఊరే. నాన్నది అక్కడి ఊరు. రాష్ట్రం గొడవలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఒక ఆదివారం టీవీ వార్తల ముందు మాటా మాటా పెరిగింది. మామయ్య అరవై ఏళ్ళ అన్యాయాల గురించి చెబుతున్నారు, నాన్న అరవై ఏళ్ళ కష్టం గురించి చెబుతున్నాడు, ఎవరూ ఎవరిదీ వినడం లేదు. చివరికి నాన్న కంచం ముందు నుంచి లేచి చెప్పులు తొడుక్కున్నాడు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాను. అత్తమ్మే వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడింది.

"అన్నా, అన్నం ఇడిసిపెట్టి పోతవా? రా, కూసో. ఓ అయ్యా, నువ్వు గూడ టీవీ బంద్ జెయ్. ఇయ్యాల్టి సంది నా ఇంట్ల రాష్ట్రం ముచ్చట లేదు. గంతగనం ఉంటే టాంక్‌బండ్ మీదికి పోయి మాట్లాడుకోన్రి."

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు, బుద్ధిగా తిన్నారు. కానీ ఆ తర్వాతి ఆదివారాలు చూడాలి! ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఫ్యాన్ గురించి, ఎండ గురించి, మళ్ళీ ఫ్యాన్ గురించి మాట్లాడుకునేవారు. అలాంటి ఒక ఆదివారం మామయ్య, పప్పు కలుపుకుంటూ, "ఒక నాగలి కొనాలె బావా" అన్నారు.

నాన్న ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ముఖంలోకి వెలుగు వచ్చింది.

"నాగలా? ఇంతకాలం చెప్పరేం బావగారూ! నాగలంటే పల్టీ నాగలే. ఇక రెండో మాట లేదు. దానికి వంపు తిరిగిన పెద్ద ఇనప రెక్క ఉంటుంది. మట్టిని అడుగు నుంచి కోసి, ఎత్తి, బోర్లా పడేస్తుంది. పైనున్న గడ్డి కిందికి పోయి కుళ్ళి ఎరువైపోతుంది."

"గది మీ దిక్కు మెత్తటి నేలల నడుస్తది బావా. మాకు డిస్కు నాగలి గావాలె. పళ్ళెం లెక్కుంటది, తిరుగుకుంట పోతది. రాయి అడ్డమొచ్చిందనుకో, మీదికెక్కి దిగుతది. నీ పల్టీ అయితే రాయికి తట్టుకొని ఆడనే కూలబడ్తది."

"కూలబడదు బావగారూ. ఇలా చూడండి." నాన్న అట్లకాడ అందుకుని పులిహోర గిన్నెలో ఒక చాలు తోలాడు. అడుగున ఉన్న పోపంతా పైకి తిరగబడింది. "చూశారా? అడుగున సారం ఉంటుంది. దాన్ని పైకి తేవాలి."

మామయ్య ఊరుకుంటారా? ఒక చిన్న స్టీలు మూత తీసుకుని నిలువుగా పట్టి, అదే గిన్నెలో ఇంకోవైపు నుంచి దొర్లించారు. ఒక పల్లీ గింజ అడ్డం వచ్చింది. మూత దాన్ని ఎక్కి దిగింది.

"సూడు బావా. రాయెక్కింది, దిగింది. ఏమన్నయిందా?"

"పల్లీ పప్పయింది" అన్నాడు నాన్న.

మా ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండా, "ఈ రెండూ ఎందుకు, రోటావేటర్ తీసుకోండి, ఇప్పుడు అందరూ అదే వాడుతున్నారు" అన్నాడు. "నీకు తెల్వదు, ఊకో" అని ఒకరూ, "అది వేరు అల్లుడుగారూ" అని ఇంకొకరూ ఒక్కసారే అన్నారు. వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

అత్తమ్మ వచ్చి దున్నిన పులిహోరను చూసి, గిన్నె తీసేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరూ పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. కానీ నాన్న వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మామయ్య షేర్ ఆటో వరకు సాగనంపడానికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఆటోలు వచ్చి పోతూనే ఉన్నాయట, వీళ్ళకు మాట తెగలేదట.

అలా కొన్ని ఆదివారాలు గడిచాక, ఇక కొని తీరాలని ముగ్గురం బయలుదేరాం. నన్నెందుకంటే, ఇద్దరికీ బిడ్డనే కాబట్టి తీర్పు నేను చెప్పాలట. పైగా నేను ఉప్పల్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. "డిస్కు ఎంత వంకర పెట్టాల్నో కోణం జూస్తే నీకు ఎరికైతది బిడ్డా" అన్నారు మామయ్య. "రెక్క వంపు కూడా లెక్కే కదమ్మా" అన్నాడు నాన్న.

ఉప్పల్ రింగురోడ్డు దాటి వరంగల్ వైపు కొంచెం పోతే ట్రాక్టర్ సామాన్లు అమ్మే కొట్లు ఉండేవి. కొట్టు ముందే రోడ్డు వారన నాగళ్ళు, గొర్రులు, ట్రాలీలు ఎర్రరంగు, నీలంరంగు వేసుకుని ఎండలో నిలబడి ఉండేవి. నాన్న నేరుగా ఒక పల్టీ నాగలి దగ్గరికి వెళ్ళి, దాని రెక్క మీద చెయ్యి వేసి, పెళ్ళిచూపుల్లో పిల్లవాణ్ణి చూసినట్టు తేరిపార చూశాడు. మామయ్య డిస్కు నాగలి కిందికి వంగి, వెల్డింగ్ అతుకుల మీద గోటితో గీకుతున్నారు. లేత్ మిషన్ దగ్గర గడిచిన జీవితం. ఆయనకు నాగలి కన్నా అతుకు ముఖ్యం.

కొట్లో ఉన్న సేల్స్‌మన్ వచ్చి అడిగాడు. "ఏం నేల సార్?"

"రేగడి" అన్నాడు నాన్న.

"చెల్క" అన్నారు మామయ్య.

"రెండు దిక్కుల ఉన్నదా సార్ భూమి?"

మామయ్య లేచి నిలబడి, చేతులు దులుపుకుని, నాన్న వైపు చూశారు.

"బావా, నా పొలం నువ్వెన్నడన్న సూసినవా?"

నాన్న ఆలోచించాడు. "లేదు బావగారూ."

"మరి గిన్ని దినాల సంది ఎవలి నేల గురించి కొట్లాడుతున్నవ్?"

నాన్న నాగలి మీది చెయ్యి తీసేశాడు. "మా నేల గురించేననుకుంటాను" అన్నాడు మెల్లగా. "ఇప్పుడది కూడా లేదులెండి. కొన్నాయన చేపల చెరువు తవ్వించాడు. దాన్ని దున్నాలంటే పడవ కావాలి" అని నవ్వాడు. మామయ్య నవ్వలేదు. సేల్స్‌మన్ ఎందుకైనా మంచిదని కొంచెం నవ్వి, మళ్ళీ మానేశాడు.

"నడు" అన్నారు మామయ్య. "బస్సెక్కుదాం. సూపిస్త."

అట్నుంచి అటే చెలకకు వెళ్ళాం. నాకూ అది సరిగ్గా చూడటం అప్పుడే. ఎర్రనేల. ఎక్కడ చూసినా రాళ్ళు. గుప్పెడంత రాళ్ళు, గుమ్మడికాయంత రాళ్ళు, సగం భూమిలో ఉండి సగం మనల్ని చూస్తున్న రాళ్ళు. నడుమ సర్కారుతుమ్మ, గరిక. మూడువైపులా ప్లాట్ల హద్దురాళ్ళు. నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టి నాలుగడుగులు వేశాడు, అబ్బా అని మళ్ళీ వచ్చి తొడుక్కున్నాడు. వంగి పిడికెడు మట్టి తీశాడు. మట్టి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, అరచేతిలో గులకరాళ్ళు మిగిలాయి.

"బావగారూ, ఇది పొలమా, కంకర మిల్లా?"

అది ఆయన సరదాకే అన్నాడు. కానీ మామయ్య ముఖం మారిపోయింది. "మా నాయిన గిండ్లనే జొన్నలు పండిచ్చి మమ్ముల సాకిండు" అని మాత్రం అన్నారు. తిరుగు బస్సులో వెనక వరసలో ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్య సీటులో నేను. ఆ ఒక్క మాట టీవీ గొడవల కన్నా లోతుగా దిగిందని నాకు అర్థమైంది. నాన్నకూ అర్థమైంది. ఉప్పల్‌లో దిగాక ఏదో చెప్పబోయాడు, ఈలోగా నాచారం ఆటో వచ్చేసింది.

తర్వాతి ఆదివారం నాన్న రాడేమో అనుకున్నాను. పొద్దున్నే వచ్చాడు. కూర్చోకముందే చెప్పాడు.

"బావగారూ, వారమంతా ఆలోచించాను. మీరు చెప్పిందే నిజం. ఆ నేలకు డిస్కే సరి. ఆ రాళ్ళలో పంట తీశారంటే మీ నాన్నగారికి దణ్ణం పెట్టాలి. నేను వెన్న లాంటి నేలలో కూర్చుని కబుర్లు చెప్పానంతే."

మామయ్య పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"నేను గూడ సోచాయించిన బావా. గరిక సూసినవు గదా. డిస్కు దాని మీదికెల్లి పోతది, ఏర్లు అట్లనే ఉంటయ్. నువ్వు జెప్పినట్టు బోర్ల పడేస్తెనే సస్తది. పల్టీనే కొందం."

"అయ్యో, వద్దండీ! రాయికి తగిలితే కూలబడుతుందని మీరేగా చెప్పారు?"

"రాళ్ళు ఏరిపిస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

"ఆ రాళ్ళు ఏరితే ఇంకేం మిగలదు బావగారూ, గుంట తప్ప. డిస్కు తీసుకోండి."

"పల్టీ!"

"డిస్కు!"

అత్తమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "మల్ల ఏమైంది?" అంది నాతో. "పార్టీలు మారారు అత్తమ్మా" అన్నాను. ఆమె గబగబా వచ్చి పులిహోర గిన్నె లోపలికి తీసుకెళ్ళిపోయింది.

రాజీ కుదిర్చింది మామయ్య పాత స్నేహాలే. మల్లాపూర్‌లో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ వెనక వీధిలో నాగళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. దాని యజమాని రెండు రకాలూ చేస్తాడు. "కొట్లాట దేనికన్నా? ట్రాక్టర్ తీస్కొని రాన్రి. రెండిటిని తోలి సూడున్రి. పక్కన ఖాళీ జాగున్నది. అది ఎవలిదో గానీ, ఎన్నడు ఎవ్వరు రారు" అన్నాడు.

మర్నాడే వెళ్ళాం. బానెట్ మీద వడియాలు తీయడానికి కొంత ఆలస్యమైంది. మామయ్య ట్రాక్టర్ మీద, నాన్నా నేనూ వెనక ఆటోలో. నాచారం మెయిన్ రోడ్డు మీద ట్రాక్టర్ వెనక బస్సులూ లారీలూ హారన్లు కొడుతుంటే, నాన్న ఆటోలోంచి సగం బయటికి వచ్చి, "ఎడమకండీ బావగారూ, ఎడమకి!" అని అరుస్తూనే ఉన్నాడు. మామయ్యకు వినబడలేదు, నడిరోడ్డు మీదే దర్జాగా వెళ్ళారు.

ఆ ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ మొక్కలు, నడుమెత్తు గడ్డి, ప్లాస్టిక్ కవర్లు. ప్రహరీ ఒకవైపు కూలి ఉంది. ముందు డిస్కు నాగలి తగిలించారు. అది ఒక పట్టీ మేర గడ్డిని కోసుకుంటూ వెళ్ళింది. నాన్న వెనకే నడిచి, "బ్రహ్మాండం!" అన్నాడు. తర్వాత పల్టీ తగిలించారు. మామయ్య ఇంకా ఉత్సాహంగా ఎక్కారు. రెక్క మట్టిని ఎత్తి బోర్లా వేస్తుంటే, ఆ వయ్యారిభామ పూలన్నీ ఒక్కొక్కటే తలకిందులై మట్టిలోకి మాయమైపోతుంటే, నాకు కూడా చూడముచ్చటగా అనిపించింది. నాన్న కళ్ళు పల్టీ మీదే ఉన్నాయి.

అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. ఆటోవాడికి డబ్బులు కూడా ఇవ్వకుండా, కూలిన గోడ దాటి, కొంగు నడుముకు దోపుకుని, నేరుగా వచ్చి ట్రాక్టర్ ముందు కొత్తగా దున్నిన మట్టిలో చతికిలబడింది.

"తోలున్రి! నా మీదికెల్లి తోలున్రి! పట్టపగలు కబ్జా జేస్తున్నరు! ఓ అయ్యల్లారా, నా జాగ!"

క్షణంలో జనం పోగయ్యారు. ఫ్యాక్టరీల షిఫ్టు మారే వేళ అది. టిఫిన్ డబ్బాలు పట్టుకుని అందరూ గోడ పొడవునా నిలబడ్డారు. నేను వర్క్‌షాపు వైపు చూశాను. యజమాని షట్టరు సగం దించేసి, మిగతా సగం కింద నుంచి చూస్తున్నాడు.

మామయ్య ఇంజన్ ఆపి కిందికి దిగారు. "కబ్జా గాదమ్మా. నాగలి కొంటందుకొచ్చినం. ఎట్ల దున్నుతదో సూస్తున్నం."

"నాగలి కొనేటోళ్ళు నాచారం దిక్కు ఏం జేస్తరు? ఈడ ఏం పండుతది, నట్లా, బోల్టులా?"

జనం నవ్వారు. నాన్న సాయం చేద్దామని ముందుకొచ్చాడు. "అమ్మగారూ, మీరు కాస్త నెమ్మదించండి. మేము రైతులమండీ. మీ స్థలం జోలికి రావాలనే ఉద్దేశం మాకు ఏమాత్రం లేదండీ."

ఆ మాట యాస వినగానే నవ్వులు ఆగిపోయాయి. గోడ దగ్గర ఎవరో, "ఆంధ్రాయన" అన్నారు. ఇంకెవరో, "సూసినవా మరి" అన్నారు. ఆవిడ నాన్న ముఖంలోకి చూసి, "అనుకున్న నేను" అంది. నాన్న చెవులు ఎర్రబడటం నాకు కనబడింది. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. నేను మాట్లాడినా అదే యాస కాబట్టి మాట్లాడలేదు.

మామయ్య నాన్నకూ జనానికీ మధ్యకు వచ్చారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటివరకు తెలియదు.

"ఎవలన్నరు ఆ మాట? ఈయన మా బావ. నా కోడలి నాయిన. నా చెల్క బాగుపడాలని నాకంటె ఎక్కువ ఆరాటపడ్తున్నడు. మేమిద్దరం ఇంట్ల రాష్ట్రం గురించి తన్నుకున్నం, అది మా ఇంటి ముచ్చట. రాష్ట్రం నాకు గావాలె, బరాబర్ గావాలె. కానీ నా బావను దొంగ అంటే మాత్రం ఊకోను. కబ్జా జేసెటోళ్ళు హద్దురాళ్ళు పీకుతరు గానీ, గడ్డి పీకుతరా?"

ఆఖరి మాట ఆవిడకు తగిలినట్టుంది. అప్పుడు గానీ కూర్చున్న చోటును సరిగ్గా చూసుకోలేదు. చేత్తో మట్టి కదిపింది. బోర్లాపడిన ఒక వయ్యారిభామ మొక్కను వేళ్ళతో సహా పైకి లాగి చూసింది.

"అయితే దున్నుడుకే వచ్చిన్రా? నిజంగనే?"

"నీ మీదొట్టు" అన్నారు మామయ్య.

"నా మీద ఎందుకు, నీ మీద ఏస్కో." ఆవిడ లేచి చీర దులుపుకుంది. "ఈ గడ్డి పీకిపియ్యనీకె మనుషులు దొరకక సస్తున్న. పాములొస్తున్నయని పక్కోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఇయ్యాల ట్రాక్టరొచ్చిందని ఫోన్." స్థలం ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. "మరి గట్ల నిలబడ్డరేంది? సగం గొరిగి సగం ఇడిసిపెట్టి పోతరా? మొత్తం దున్నున్రి."

మామయ్య నాన్న వైపు చూశారు. నాన్న అప్పటికే తేరుకున్నాడు. "సగం డిస్కుతో, సగం పల్టీతో చేద్దాం బావగారూ. తేలిపోతుంది" అన్నాడు. షట్టరు మళ్ళీ పైకి లేచింది.

జనం పోలేదు. అందులో చాలామంది జిల్లాల నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో చేరినవాళ్ళు. ట్రాక్టర్ కదలగానే, ఇందాక అనుమానంగా చూసినవాళ్ళే గోడ దూకి లోపలికి వచ్చి, "లోతు తగ్గియ్యి మామా", "జర ఎడమకు గుంజు" అని సలహాలు మొదలుపెట్టారు. ఆవిడ నాన్నను పట్టుకుని ఈ మట్టిలో ఏం వేస్తే వస్తుందని అడుగుతోంది. నాన్న బెండ వెయ్యమన్నాడు, గోరుచిక్కుడు వెయ్యమన్నాడు, పాదులు ఎలా తీయాలో కాలితో గీసి చూపిస్తున్నాడు. కాసేపటి క్రితం దొంగ అన్న మనిషికి ఇంత ఓపిగ్గా చెబుతున్నాడేమిటా అనుకున్నాను. ఆయనకు అదేం గుర్తున్నట్టు లేదు. కరివేపాకు కుండీ దాటి ఇంత నేల గురించి మాట్లాడి ఆయనకు ఎన్నాళ్ళయిందో.

పల్టీ నాగలి స్థలం మధ్యకు వచ్చేసరికి ధన్‌మని శబ్దమైంది. ట్రాక్టర్ ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మట్టి కింద ఏదో పాత పునాది రాయి. నాగలి బోల్టు తెగిపోయింది. వర్క్‌షాపు యజమాని తల పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పల్టీ విప్పి డిస్కు తగిలించి, మళ్ళీ అదే చోట తోలారు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. పళ్ళేలు రాయి దగ్గర మెల్లగా లేచాయి, దాటాయి, అవతల మళ్ళీ మట్టిలోకి దిగాయి.

"చూశారా! నేను డిస్కు అన్నానా లేదా?" నాన్న చేతులెత్తి అరిచాడు.

"మొదలన్నది నేను!" మామయ్య ట్రాక్టర్ మీంచి అరిచారు.

"చివరికి అన్నది నేనండీ!"

ఇద్దరూ గెలిచారు. వర్క్‌షాపు యజమాని ఒక్కడే బోల్టు పట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. డిస్కు నాగలి మేమే కొంటున్నామని తెలిశాక అతనూ నవ్వాడు. ఆ పెద్దావిడ అందరికీ చాయ్ తెప్పించింది. తన ఆటోవాడు ఇంకా కాచుకుని ఉన్నాడని చాయ్ సగంలో ఉండగా గుర్తొచ్చి, అతనికీ ఒకటి పంపింది.

ఆ ఏడు తొలకరి పడగానే చెలక దున్నారు. స్కూలుకు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. మామయ్య కొంతమేర తిన్నగా, లేత్ మిషన్ మీద పట్టినట్టు సాళ్ళు తోలి, ట్రాక్టర్ ఆపి, "బావా, ఎక్కు" అన్నారు.

"నాకు రాదు బావగారూ."

"ఏంది, రాదా? నలభై ఏండ్లు ఎవుసం జేసినవ్ గదా?"

"ముందు ఎడ్లుండేవి. తర్వాత అద్దె ట్రాక్టర్ వచ్చేది, దాని డ్రైవర్ దానికుండేవాడు. నేను గట్టు మీద నిలబడేవాణ్ణి."

"ఈడ గట్టు లేదు. ఎక్కు."

నాన్న పంచె పైకి కట్టి ఎక్కాడు. మామయ్య పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుని క్లచ్ ఏదో, బ్రేక్ ఏదో చూపించారు. ట్రాక్టర్ కప్పలా ఒక్క గెంతు గెంతి ముందుకు కదిలింది. నాన్న ముందుకు చూడటం మానేసి, వెనక డిస్కులు మట్టిని ఎలా తిప్పుతున్నాయో చూడటం మొదలుపెట్టాడు. మనిషి వెనక్కి చూస్తుంటే చెయ్యి పక్కకు పోతుంది. సాలు కాస్తా వాగులా మెలికలు తిరిగింది. "ముంగట సూడు బావా, ముంగట!" అని మామయ్య మొత్తుకుంటున్నారు. రాయి ఎక్కి దిగినప్పుడల్లా ఇద్దరూ ఎగిరిపడి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటున్నారు. నేను తుమ్మచెట్టు కింద నవ్వలేక కూలబడ్డాను.

చివరికి దిగి, నాన్న వెనక్కి తిరిగి తను చేసింది చూసుకున్నాడు. "మళ్ళీ దున్నేయండి బావగారూ, ఏం బాలేదు" అన్నాడు.

"ఎందుకు? మంచిగనే ఉన్నది" అన్నారు మామయ్య. ఎవరెంత చెప్పినా ఆ సాళ్ళను సరిచేయనివ్వలేదు. వాటి వెంబడే కందులు వేశారు.

కంది ఏపుగా వచ్చింది. ఒక ఆదివారం నాన్నతో కలిసి చూడటానికి వెళ్ళాను. బస్సు కిటికీలోంచే దూరంగా చెలక కనబడింది. ఒకవైపు గీత గీసినట్టు తిన్నటి వరసలు, ఇంకోవైపు అటూ ఇటూ ఊగుతూ పోయిన పచ్చటి వంకరలు. నాన్న ముందు సీటులో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి భుజం తట్టి, వేలు పెట్టి చూపించాడు.

"ఆ వంకరవి ఉన్నాయి చూశారూ, అవి నేను తోలినవే."

ఆ మనిషి మర్యాదకు కాసేపు చూసి, "మంచిగ మొలిచినయ్ పెద్దాయనా" అన్నాడు.